ఇల్లు ఎవరిది?

ధ్యానమునకు: మత్తయి 21:33–41, లేవీయకాండము 25:23



మన వేటపాలెములో అద్దె యింట గుంట త్రవ్వి మగ్గము వేసికొనిన నేతగానికి ఇల్లు ఖాళీ చేయుమన్నచో, తల దాచుకొను చోటును కూడు పెట్టు చోటును ఒక్కసారే పోవును. కోర్టు నోటీసు రాగానే ఎవరో ఒకరు చెవిలో ఊదుదురు: "ఆ యిల్లు ఆయనది కాదనుము. హక్కు ఋజువు చేయుమనుము. నాలుగేండ్లు గడచును." బిడ్డలు గలవానికి ఆ మాట తియ్యగానే యుండును. అయితే విశ్వాసి అట్లు చెప్పవచ్చునా?

ప్రభువు చెప్పిన ఉపమానములో ద్రాక్షతోట కాపులకు తోట యెవరిదో తెలియక కాదు. వచ్చినవాడు వారసుడని వారే గుర్తెరిగిరి. తెలిసియు కాదనుటయే వారి పతనమునకు మొదలు.

లోక న్యాయమును ఈ తేడాను ఎరుగును. 1872 నాటి సాక్ష్య చట్టములోని 116వ సెక్షను ప్రకారము, ఒకనిని యజమానిగా ఒప్పుకొని యింట చేరినవాడు, అద్దెకున్నంత కాలము, మొదట ఆ యిల్లు అతనిది కాదని వాదింపరాదు. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమములోను 122వ సెక్షనుగా అదే నియమము నిలిచెను. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ అద్దె నియంత్రణ చట్టము, సద్బుద్ధి లేక యజమాని హక్కును కాదనుటనే ఖాళీ చేయించుటకు ఒక కారణముగా ఎంచెను.

నిజమైన సందేహము వేరు. యజమాని గతించి, అన్నదమ్ములిద్దరును అద్దె అడిగినయెడల, ఎవరికియ్యవలెనని అడుగుట పాపము కాదు. అయితే నోటీసు రాకమునుపు ఆ సందేహము మనకుండెనా? నెలనెలా అద్దె పట్టుకొని వెళ్లిన చేతిని, నేడు మన నోరు అబద్ధికునిగా చేయవచ్చునా?

ఆ అబద్ధపు వెల మరియొక పేదవాడు చెల్లించును. ప్రత్తి, మిరప పొలములలో చూచుచున్నాము గదా! హక్కు పోవునను భయముతో కొందరు రైతులు కౌలుకు కాగితము వ్రాయరు. ఏటేట కౌలుదారుని మార్చుదురు. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టము 11 నెలల ఒప్పందమును ఏర్పరచి, యజమాని హక్కునకు భంగము లేదనినను, సంతకమునకు వెనుదీసినవారు కలరు. కాగితము లేని కౌలుదారునికి అప్పు పుట్టుట కష్టము.

యజమానులైన సహోదరులారా, అద్దె పుచ్చుకొని రసీదు ఇయ్యకుండుటయు సత్యమును దాచుటయే. నాబోతు తోటకై అబద్ధసాక్షులను నిలిపినది పేదవాడు కాదు, రాజగృహమే. భూమి దేవునిది, ఆయన యెదుట మనమందరము పరవాసులమే. ఈ మాట అద్దెవానికి దొరికిన దస్తావేజు కాదు, యజమాని గర్వమునకు కళ్లెము.

కాబట్టి ఖాళీ చేయవలసినవాడు ఉన్నమాట చెప్పి గడువు అడుగవలెను. యజమాని కనికరముతో ఇయ్యవలెను. అయితే సంఘము అతని మగ్గమునకు మరియొక చోటు వెదకక, అబద్ధమాడకుమని మాత్రమే చెప్పినయెడల, మన బోధ సగమే.

సత్యము పలుకు నోటిని, చోటిచ్చు హృదయమును ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.