కరుణరసం, వలస శ్రామికుడు: ఒక నైతిక పరిశీలన

పాత్రగతమైన దుఃఖం వ్యక్తిసంబంధాలను విడిచి సాధారణీకృతమైనప్పుడే సహృదయునికి రసంగా ఆస్వాద్యమవుతుందని భట్టనాయకుని సిద్ధాంతం. వలస శ్రామికులను చిత్రించే సినిమాల విషయంలో ఈ సిద్ధాంతం ఒక ప్రశ్నకు తావిస్తుంది: దుఃఖం ఎవరిదో మరచిన కరుణ న్యాయానికి దారితీస్తుందా?

2020 లాక్‌డౌన్ నేపథ్యంగా వినోద్ కాప్రీ డాక్యుమెంటరీ '1232 కిలోమీటర్లు' (2021), అనుభవ్ సిన్హా 'భీడ్' (2023) వెలువడ్డాయి. మొదటిది ఘజియాబాద్ నుంచి బీహారుకు సైకిళ్లపై మరలిన ఏడుగురి ప్రయాణం. రెండవది రాష్ట్ర సరిహద్దు వద్ద నిలిచిపోయిన జనసమూహం కథ. రెండింటిలోనూ శ్రామికుడు ప్రధానంగా మరలిపోతున్నవాడే. మేడ్చల్ మీదుగా నాగపూర్ వైపు సాగే 44వ జాతీయ రహదారిపై నడిచిన ఉత్తరాది శ్రామికులు కూడా చాలామందికి అప్పుడే కనిపించారు. అంతకుముందు మేడ్చల్ కర్మాగారాల్లో, శామీర్‌పేట నిర్మాణ స్థలాల్లో వారి శ్రమ ఉంది, చూపు లేదు.

సాధారణీకరణమే లేకపోతే పరభాషీయుని దుఃఖం తెలుగు ప్రేక్షకుణ్ణి తాకదనే వాదం సమంజసమే. పి. సునీల్ కుమార్ రెడ్డి 'గల్ఫ్' (2017)లోని వలసజీవిని స్వజనంగా గుర్తించిన ప్రేక్షకుడు, మేడ్చల్‌లోని ఒడియా కూలీలో అదే స్థితిని గుర్తించడానికి ఆ వ్యాపారమే ఆధారం. అయితే రసాస్వాదం ముగిసిన చోట నైతిక బాధ్యత మొదలవుతుంది. అది సామాన్యం నుంచి తిరిగి విశేషానికి రావాలి.

అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం (1979) ప్రతి శ్రామికునికి ఫొటోతో, వేతన వివరాలతో పాస్‌బుక్ ఇవ్వాలని నిర్దేశించింది. వెండితెర బొమ్మ కరుణను కోరుతుంది. పాస్‌బుక్‌లోని ఫొటో లెక్క అడుగుతుంది. మొదటిది రెండవదానికి ప్రత్యామ్నాయమైతే, కరుణరసం నిష్పన్నమైనా న్యాయం అనిష్పన్నంగానే మిగులుతుంది.