ఎవరి ఓటు బ్యాంకు?

1983లో మా అమ్మీ ఎన్టీఆర్ పార్టీకి ఓటేసింది. కృష్ణుడి వేషం చూసి కాదు, కిలో రెండు రూపాయల బియ్యం కోసం. అబ్బాకు కూడా చెప్పలేదట. తెరమీది రాముడూ కృష్ణుడూ, చైతన్యరథం, ‘ఈనాడు’ పేజీలూ కలిసి పార్టీ పుట్టిన తొమ్మిది నెలలకే ఆయన్ని గద్దెనెక్కించాయి. ఆ ఓట్లకు పత్రికలు పెట్టిన పేరు ప్రభంజనం. మా బస్తీ ఓట్లకేమో ‘ఓటు బ్యాంకు’.

ఎవరో రాశారని తప్పించుకోలేను. ఉర్దూ పత్రికలో ఉన్నప్పుడు ‘మిల్లత్ ఒక్కటై ఓటెయ్యాలి’ అని రాశాను. తెలుగు పత్రికకు మారాక అదే బస్తీవి ‘గంపగుత్త ఓట్లు’ అన్నాను. ఎందుకేశావమ్మా అని బూత్ ముందున్న ఒక్క ఆడమనిషినీ అడగలేదు. (డెస్కుకు మాత్రం బురఖాల వరస ఫొటో తప్పనిసరి.) అడిగితే కుళాయి నీళ్లనేది, రేషను కార్డనేది. 1992 డిసెంబరు తర్వాతైతే, భయమనేది. ప్రాణం కోసం మనిషి తనకు తాను వేసుకున్న లెక్క మందబుద్ధి ఎట్లా అవుతుంది? సినిమా బొమ్మను చూసి వేసిన ఓటు చైతన్యం ఎట్లా అవుతుంది?

మొన్న వేలికి సిరాతో వచ్చిన అమ్మీని ఎవరికేశావని అడిగాను.

“నీ అఖ్బారులో ముందే రాసేశారు కద బేటా, చూసుకో” అంది.