విత్తనపు కాయ

మా కోయగూడెంలో అమ్మ పెరటి పందిరి మీద తొలికాపులో బాగా ఎదిగిన సొరకాయకు గుడ్డపీలిక కట్టేది. అది విత్తనానికి. కూర లేని రోజున కూడా కోయనిచ్చేది కాదు. ఆకలిగా ఉన్న పిల్లల ముందు కాయ దాచడం న్యాయమా అని నాకు కోపం. ఎండిన గింజలకు బూడిద కలిపి, సొరబుర్రలో పోసి, పొయ్యిపైన పొగ తగిలేలా వేలాడదీసేది. అడిగినవాళ్లకు గుప్పెడు ఊరికే ఇచ్చేది. ఆ కాయ మా ఒక్కళ్లదే కాదని తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

నిరుడు నేను హైబ్రిడ్ ప్యాకెట్ వేశాను. విరగకాసింది. ఆ గింజలే దాచి ఈసారి వేస్తే తీగకో రకం కాసింది. విత్తనం దాచుకునే, పంచుకునే హక్కు 2001 నాటి చట్టం రైతుకు ఇచ్చింది, నిజమే. మొన్న పక్కింటి చిన్నమ్మ గింజలు అడిగితే, సంతలో ప్యాకెట్లు దొరుకుతాయని చెప్పాను. ఆమె ఏమీ అనకుండా వెళ్లిపోయింది.