మారుమనస్సు ఎవరికి కావాలి?

క్రైస్తవ సంఘాల్లో తరచు వినబడే మాటలు రెండు: పశ్చాత్తాపం, మారుమనస్సు. పశ్చాత్తాపం అంటే తప్పు చేసిన తరువాత లోపల పుట్టే మంట. అది రెండు రోజుల్లో చల్లారిపోవచ్చు. మారుమనస్సు అలా కాదు, అందులో మనిషి నడిచే దారే మారాలి. ఈ తేడా మాకు గుడిలో కంటే బడిలోనే బాగా తెలిసింది.

మేము ఎరుకల కులంలో పుట్టాము. టీచరు ట్రైనింగు చేసి, మదనపల్లె, పుంగనూరు వైపు పల్లెల్లో చాలా ఏళ్లుగా పాఠాలు చెబుతున్నాము. ఒకరోజు తరగతిలో ఒక అమ్మాయి తన 200 రూపాయలు కనబడలేదని ఏడ్చింది. సంచులు వెదికాము. మొదట తెరిచింది మా కులపు పిల్లవాడి సంచే. వాడే తీసి ఉంటే మాకూ చెడ్డపేరు వస్తుందని భయం. చివరకు డబ్బు ఆ అమ్మాయి లెక్కల పుస్తకం అట్టలోనే దొరికింది.

సాయంత్రం వాణ్ణి పక్కకు పిలిచి, “పొరపాటైంది నాయనా, మనసులో పెట్టుకోవద్దు” అన్నాము. “సరే సార్” అన్నాడు. మరునాడు మేము తరగతిలోకి వెళ్లేసరికి వాడు తన సంచి మూత తెరిచి, మాకు కనబడేలా ముందర పెట్టుకుని కూర్చున్నాడు.

ఆ రాత్రి మాకు లూకా సువార్త 19వ అధ్యాయంలోని జక్కయ్య గుర్తుకొచ్చాడు. యెరికో పట్టణంలో సుంకం వసూలు చేసి ధనవంతుడైన మనిషి. అతడు కన్నీళ్లు పెట్టుకున్నాడని అక్కడ లేదు. ఆస్తిలో సగం బీదలకు ఇస్తానన్నాడు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. అతని మారుమనస్సుకు లెక్క ఉంది. మేమేమో తరగతి అందరి ముందు అవమానించి, ఒక్కడి చెవిలో క్షమాపణ చెప్పాము. మా మనసు తేలికైంది గాని, వాడి బరువు వాడి మీదే ఉండిపోయింది.

మాలోని ఆ భయం ఎక్కడిది? మన తాతలు ఉప్పు, ధాన్యం పశువుల మీద వేసుకుని ఊరూరా అమ్మి బతికారు. రైళ్లు వచ్చి, ఉప్పు మీద సర్కారు పెత్తనం పెరిగి ఆ బతుకు చెడింది. 1871లో తెల్లదొరలు నేరస్థ తెగల చట్టం చేశారు. 1911 చట్టంతో అది మద్రాసు రాజధానికీ వచ్చింది. తరువాత బాపట్ల దగ్గర స్టూవర్టుపురంలో ఎరుకలవాళ్ల కోసం సెటిల్‌మెంటు పెట్టి, సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. అక్కడ సువార్త ఉంది, బడి ఉంది. హాజరు పిలుపూ ఉంది. ఆ చట్టం దేశమంతటా రద్దయింది 1952 ఆగస్టు 31న.

కుప్పంలో ఒక యువకుడు మమ్మల్ని అడిగాడు: “సార్, మనవాళ్లను మారుమనస్సు పొందమన్నారు. మనల్ని దొంగలన్నవాళ్లు పొందారా?”

అది న్యాయమైన ప్రశ్న. మారుమనస్సు చేసిన పనికి గాని పుట్టుకకు కాదు. పాలు తాగే బిడ్డను కూడా నేరస్థుల తెగలో లెక్కగట్టిన చట్టానికి ఆ మాట పలికే హక్కు లేదు. హాజరు పిలుపుకు భయపడి కదలకుండా ఉండటం విధేయత కావచ్చు, హృదయం మారటం కాదు. అయితే ఈ చరిత్రను అడ్డం పెట్టుకుని మన తప్పులు దాచుకోకూడదు. మనలో ఎవరైనా దొంగిలించి ఉంటే, ఎందుకు దొంగిలించాడో ఆకలి చెబుతుంది. పోగొట్టుకున్నవాడి నష్టాన్ని మాత్రం అది తీర్చదు. ఎవరి లెక్క వారు తీర్చాల్సిందే.

మా లెక్క మేము తీర్చాలి గనుక, మూడో రోజు తరగతి అందరి ముందు నిలబడి చెప్పాము: “కులం చూసి ఇతని సంచి మొదట తెరిచాను. అది తప్పు. ఇకమీదట ఏ వస్తువు పోయినా ఎవరి సంచీ వెదకను.” పిల్లలు నిశ్శబ్దంగా విన్నారు. వాడు తల దించుకునే ఉన్నాడు. ఆ సంచి మూత పడటానికి ఇంకా చాలా రోజులు పట్టింది. తొందరపెట్టే హక్కు మాకు లేదు, మనం క్షమాపణ అడగగలం గాని క్షమించే రోజును నిర్ణయించలేం.

తోటి ఉపాధ్యాయులారా, తరగతిలో ఏదైనా పోయినప్పుడు మీ చూపు మొదట ఏ పిల్లవాడి మీదికి పోతుందో గమనించండి. మారవలసిన మనసు అక్కడే ఉంది.