తుడిచివేయవలసిన చిత్రము

నశించుచున్న విద్యను నిలుపుట పుణ్యమని యెల్లరు నందురు. కాని తుడిచివేయుటయే విధిగా గల చిత్రమును నిలుపుట పుణ్యమా, ద్రోహమా? అమెరికాలోని నవాహో జాతికి చెందిన హోస్టీన్ క్లా (1867–1937) జీవితము ఈ ప్రశ్నను మన ముందుంచుచున్నది.

నవాహోలు రోగశాంతికై పెక్కుదినములు గానముతో గూడిన క్రతువులు జరుపుదురు. వానిలో గాయకుడు రంగుల యిసుకతో నేలపై దేవతల రూపములను దిద్దును. రోగిని దానిపై కూర్చుండబెట్టుదురు. వ్యాధి యిసుకలోనికి దిగిపోవునని వారి విశ్వాసము. అందుచేత నాడే చిత్రమును తుడిచి, ఆ యిసుకను వెలుపల పారబోయుదురు. దానిని శాశ్వతముగా నిలిపినవారికి కీడు మూడునని వారి భయము.

క్లా యట్టి గాయకులలో ప్రసిద్ధుడు. ఆ జాతిలో స్త్రీల పనిగా నెంచబడిన నేతయందును నిపుణుడు. 1893లో చికాగో మహాప్రదర్శనమున నేసి చూపెను. ఇట్టివాడు 1920 ప్రాంతమున ఆ పవిత్ర చిత్రములనే ఉన్నితో కంబళ్లపై నేయసాగెను. తోడివారు కలవరపడిరి.

వారి కలవరము మూఢత్వమని త్రోసివేయుట తగదు. రోగితోడి సంబంధమే ఆ చిత్రమునకు ప్రాణము. ధనికుని గోడ నెక్కినచో నది యలంకారమగును గాని చికిత్స కానేరదు. అయినను క్లాను తప్పుపట్టుటకు మనసొప్పదు. ప్రభుత్వమువారు నవాహో బాలురను దూరపు బడులకు గొనిపోయి స్వభాషను మాన్పించుచున్న దినములవి. ఏండ్ల తరబడి నేర్వవలసిన విద్యకు శిష్యులు కరవైరి. అతడు తీర్చిదిద్దిన శిష్యుడు సయితము 1931లో గురువుకంటె ముందే మరణించెను. అటుపిమ్మట నా వృద్ధునికి పడుగు పేకలే దిక్కయినవి.

అయితే, నిలిపినంతమాత్రమున స్వామ్యము కలుగునా? క్లా తన విద్యను మేరీ వీల్‌రైట్ అను శ్వేతజాతి వనితచే వ్రాయించెను. వారి పూనికచే 1937లో సాంటా ఫే నగరమున నవాహో క్రతుకళలకై యొక ప్రదర్శనశాల వెలసెను. నలువదేండ్లకు, 1977లో, ఆ శాలవారు తమయొద్దనున్న పవిత్ర క్రతుసామగ్రిలో కొన్నింటిని నవాహోలకు మరల నొసగిరి. ఇదియే న్యాయము. నిక్షేపమును కాచినవాడు కాపరియే గాని యజమానుడు కాడు.

చదువరులారా! కంబళి రూపమును నిలుపగలదు. రోగి చెంత కూర్చుండి పాడజాలదు. ఉన్నిపోగు శిష్యునికి సాటి రాదు. కావున నొక జాతి విద్యను కాపాడగోరువారు దాని ప్రతిరూపములను ప్రోగుచేయుటకు ముందు, ఆ జాతి బిడ్డలను దానికి దూరము చేయకుందురుగాక. అది చేయనివాడు ఎన్ని చిత్రములను దాచినను, దాచినది బూడిదయే.