యంత్రమున్నను మెలకువగా నుండుడి

మూలవాక్యము: 1 సమూయేలు 4:1–11



ఫిలిష్తీయుల యెదుట ఓడి, సుమారు నాలుగువేలమందిని పోగొట్టుకొనిన ఇశ్రాయేలు పెద్దలు ఏమి చేసిరి? ప్రార్థించినట్లు వ్రాయబడలేదు. షిలోహునుండి మందసమును తెప్పించిరి. అది దండులో నుండిన చాలును, జయము దానంతటదే వచ్చుననుకొనిరి. ముప్పదివేలమంది కూలిరి, మందసము పట్టబడెను. మందసము పరిశుద్ధమైనదే. దానిని చూచుకొని దేవుని మరచిన హృదయములలోనే తప్పు ఉండెను.

తీర్థమలై, హరూరు ప్రాంతములవారమైన మనకు బెంగుళూరు పరాయి ఊరు కాదు. 1990 ఫిబ్రవరి 14న బొంబాయినుండి వచ్చిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ 605వ విమానము అక్కడ రన్‌వేను చేరకమునుపే గోల్ఫ్ మైదానములో కూలెను. 146 మందిలో 92 మంది మరణించిరి. అది కంప్యూటర్ల సాయముతో ఎగురు ఎయిర్‌బస్ ఏ-320. ఇంజన్లు అతి తక్కువ శక్తితో తిరుగు పద్ధతిలో దిగుచుండగా వేగము తగ్గిపోయెను. నాలుగువందలు, మూడువందలు, రెండువందల అడుగులని విమానమే ఎత్తును పలికెను. ఆ పద్ధతి ఎరిగియు, ఆ పిలుపులు వచ్చినను, పైలట్లు అపాయమును గ్రహించి వెంటనే ఇంజన్ల శక్తిని పెంచలేదని విచారణ తేల్చెను. పెంచునప్పటికి సమయము మించిపోయెను.

2009 జూన్ 1న అట్లాంటిక్ సముద్రముపై ఎయిర్ ఫ్రాన్స్ 447లో వేగము కొలుచు గొట్టములు మంచుతో మూసుకొనిపోయి, ఆటోపైలట్ విడిపోయెను. విమానము చేతికి వచ్చినది గాని చేయవలసినది తోచలేదు. సుమారు మూడున్నర నిమిషములు పడుచు 228 మందితో సముద్రములో కలిసెను. 2013 జనవరిలో అమెరికా విమానయాన శాఖ, వీలైనప్పుడెల్ల పైలట్లు చేతులతో నడుపు అభ్యాసము చేయవలెనని విమాన సంస్థలకు హెచ్చరిక పంపెను.

మరణించినవారిని తీర్పు తీర్చుటకు ఇది వ్రాయుటలేదు. సిలోయము గోపురము క్రింద పడి చనిపోయిన పదునెనిమిది మందిని గూర్చి ప్రభువు చెప్పినదేమి? వారు ఇతరులకంటె పాపులు కారు. వినుచున్న మీరే మారుమనస్సు పొందవలెనని గదా!

ఎక్కములు రాని పిల్లవాడు తప్పు మీట నొక్కినను, క్యాలిక్యులేటరు చూపిన జవాబునే సరియని వ్రాయును. తప్పును తప్పని తెలిసికొనుటకు లోపల కొంత నేర్పు ఉండవలెను. మనకు గుడి ఉన్నది, పాస్టరుగారు ఉన్నారు, ఆదివారపు ఆరాధన క్రమముగా జరుగుచున్నది. ఇంటిలోనో? తమిళ బడికి పోవు మన పిల్లలు అనేకులు తెలుగు బైబిలు చదువలేకున్నారు. ఫోనులో వాక్యము వినిపించి సరిపెట్టుకొనుచున్నాము. ఫోను మంచిదే. అయితే ఆసుపత్రి మంచము ప్రక్కన, అప్పులవాడు వాకిట నిలిచిన దినమున, హృదయములో దాచుకొనిన వాక్యమే మనకు ఆధారము. మన తరమువారు వెళ్లిపోయిన తరువాత ఈ ఇండ్లలో ఎవరు ప్రార్థింతురు?

కాబట్టి ప్రతి సాయంకాలము ఒక బిడ్డ నాలుగు వచనములు బిగ్గరగా చదువవలెను. తెలుగు రాకున్న తమిళములోనే చదువవచ్చును, తెలుగు అక్షరములు మనమే నేర్పుదము. మరియొకరు తన సొంత మాటలతో ప్రార్థింపవలెను. దేవుని ఆత్మ పలుమారు హెచ్చరించుచున్నాడు. ఎత్తు ఇంకను మిగిలియుండగానే చేయి కదలించుదము. ప్రభువు మనకు మెలకువ దయచేయును గాక. ఆమేన్.