ఒకని ఋణము నొకడు తీర్పవచ్చునా?

చేసినవాడే ఫలము ననుభవింపవలెనని చిన్ననాటినుండి వినుచువచ్చిన మనకు క్రైస్తవ మతమునందలి యొక విశ్వాసము తొలుత విపరీతముగా తోచును. మానవుల పాపములకై యేసుక్రీస్తు సిలువపై ప్రాణము నర్పించెననియు, ఆ బలివలన వారికి విమోచనము కలిగెననియు ఆ మతస్థుల నమ్మకము. నిర్దోషిని దండించి దోషిని విడుచుట న్యాయస్థానమున అన్యాయము గదా! అది దైవమునకు మాత్రము ధర్మమెట్లగును? ఈ ప్రశ్నను మేము పరమతదూషణమునకై అడుగుట లేదు. క్రైస్తవ పండితులే దీనిని శతాబ్దములుగా విచారించుచున్నారు.

కాంటర్‌బరీ ఆర్చిబిషప్పగు ఆన్సెల్ము 1098 ప్రాంతమున ముగించిన గ్రంథమున, పాపమనగా దైవమునకు చెల్లింపని ఋణమనెను. తీర్పవలసినవాడు మానవుడు, తీర్పగలవాడు దేవుడు, కావున దేవుడే మానవుడు కావలసెనని యాతని వాదము. తరువాతి తరమువాడగు అబెలార్డు దీనితో తృప్తి చెందక, ఆ మరణము మన హృదయమున ప్రేమను మేల్కొల్పుటయే విమోచనమనెను.

ఇందలి సారము నొక యథార్థ వృత్తాంతము తెలుపగలదు. 1941 జూలై కడపట, పోలండునందలి ఆష్విట్జు నాజీ శిబిరమునుండి ఖైదీ యొకడు పరారియయ్యెనని, అధికారులు పదిమందిని ఆకలిచే చంపుటకు ఏఱిరి. అందొకడగు గయోవ్నిచెక్ అను సైనికుడు భార్యాబిడ్డలను తలచి విలపింపగా, మాక్సిమిలియన్ కోల్బే అను కాథలిక్ సన్యాసి ముందునకు వచ్చి, అతనికి మాఱుగా తన్ను గైకొనుమని వేడెను. రెండు వారములకును ప్రాణము పోకుండుటచే ఆగస్టు 14న కోల్బేను విషపుసూదితో చంపిరి. గయోవ్నిచెక్ 1995 వఱకు జీవించి, ఆ త్యాగమును లోకమునకు చెప్పుచుండెను.

ఈ పోలిక సంపూర్ణము గాదు. గయోవ్నిచెక్ దోషి కాడు; తక్కిన తొమ్మండుగురును బ్రదుకలేదు; ఆ శాసనము క్రూరముగనే నిలిచెను. త్యాగ మన్యాయమును న్యాయముగా మార్పజాలదు. అయినను ఒక్కటి స్పష్టము: గయోవ్నిచెక్‌కు మరణము తప్పెను గాని, బాధ్యత తగ్గలేదు, పెరిగెను. దానముగా వచ్చిన ప్రాణమును వృథాచేయుటకు ఎవ్వనికి మనసొప్పును?

బలి యున్నదిగదా యని పాపము చేయవచ్చునా యను ఆక్షేపమును పౌలు రోమీయులకు వ్రాసిన లేఖలో తానే యెత్తి, తానే ఖండించెను. కావున మాకు తోచున దిది: ఒకని దుఃఖమును వేఱొకడు మోయవచ్చును, ఒకని పశ్చాత్తాపమును వేఱొకడు పడజాలడు.

మఱియొక మాట. మన మీమాంసకులు దేవత నుద్దేశించి ద్రవ్యముపై స్వత్వమును విడుచుటను త్యాగమనిరి. తనది కానిదానిని విడుచుట యెట్లు? క్రీస్తు తన ప్రాణమును ఇచ్ఛాపూర్వకముగ నిచ్చెనని యోహాను సువార్తయు చెప్పుచున్నది. విధవయైన ఆడుబిడ్డనో, నోరులేని కోడలినో చూపి "త్యాగము చేయు" మని శాసించు గృహస్థు తాను విడుచున దేమియు లేదు. పరుల సుఖమును బలియిచ్చి పుణ్యము నార్జింపజూచుటకు త్యాగమను పేరు తగదు.